లైనక్స్‌లో ఫోటోల బొమ్మలు, ఫైల్ ప్రివ్యూలు రావడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి ఉచిత సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి మా చుట్టాల్లో, స్నేహితుల్లో చాలామంది పాత ల్యాప్‌టాప్‌లలో విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేయించుకున్నారు. కొన్ని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి, కొన్ని ఆఫీసు వాళ్లు వదిలించుకున్నవి. వేసింది నేనే కాబట్టి ఫోన్లూ నాకే వస్తాయి. ఎక్కువసార్లు వినిపించే మాట ఒకటే: "అన్నా, ఫోటోలు కనిపిస్తలేవు." అదే జవాబు చిక్కడపల్లి వాళ్లకోసారి, ఉప్పల్ వాళ్లకోసారి చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. కమాండ్లు, ప్యాకేజీల (అంటే వేసుకునే సాఫ్ట్‌వేర్ మూటల) పేర్లు ఫోన్‌లో చెప్పినట్టే పలికే తీరులో రాశాను, మీరు మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

ఫోల్డర్ తెరిస్తే అన్నీ ఒకేలాంటి బూడిదరంగు బొమ్మలు. నా ఫోటోలు పోయాయా?

దాదాపు ఎప్పుడూ పోవు. ఏదో ఒక ఫోటో మీద డబుల్ క్లిక్ చేయండి. తెరుచుకుంటే ఫోటో క్షేమం, పోయింది దాని చిన్న బొమ్మ మాత్రమే. తెరుచుకోకపోతే ఫైల్ సైజు చూడండి. నాలుగైదు ఎంబీ అని చూపిస్తుంటే లోపల సరుకు ఉన్నట్టే, దాన్ని చదవగలిగే ప్రోగ్రామ్ మీ దగ్గర లేకపోయి ఉంటుంది. సున్నా అని చూపిస్తే అప్పుడు కాస్త భయపడొచ్చు, దాని సంగతి కింద చెప్తాను.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా చిన్నాన్న కొడుకు తన పెళ్లి ఫోటోల హార్డ్ డిస్క్ పెట్టి చూసి, బొమ్మలు రాలేదని కంగారుపడి, నన్ను అడక్కుండా ఒక డేటా రికవరీ షాపుకి తీసుకెళ్లాడు. వాళ్లు రెండు రోజులు ఉంచుకుని, 6,500 రూపాయలు తీసుకుని, అవే ఫైళ్లు ఇంకో డిస్క్‌లో వేసిచ్చారు. ఇంటికొచ్చి పెడితే మళ్లీ అవే బూడిదరంగు బొమ్మలు! అప్పుడు ఫోన్ చేశాడు. అక్కడ కావలసింది ఒక చిన్న ప్యాకేజీ, ఖర్చు సున్నా. కాబట్టి డిస్క్ ఫార్మాట్ చేయడం, రికవరీ సాఫ్ట్‌వేర్లు నడపడం, కేబుల్ పీకి మళ్లీ పెట్టడం, ఏవీ చేయకండి. ముందు డబుల్ క్లిక్.

అసలు ఈ చిన్న బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది ఒక్కసారి అర్థమైతే కింద రాసినవన్నీ మీకే తడతాయి.

మీరు ఫోల్డర్ తెరవగానే ఫైల్ మేనేజర్, అంటే ఫోల్డర్లు తెరిచి చూపించే ప్రోగ్రామ్, ప్రతి ఫైల్‌కూ "దీని బొమ్మ ఇంతకుముందే చేసి పెట్టామా?" అని చూస్తుంది. వెతికే చోటు మీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ క్యాష్ అనే దాగి ఉన్న ఫోల్డర్, అందులో థంబ్‌నెయిల్స్. (ఈ క్యాష్ డబ్బు కాదు, ఎప్పుడు పారేసినా మళ్లీ తయారయ్యే సరుకు.) దాని లోపల నార్మల్, లార్జ్, ఎక్స్-లార్జ్, డబుల్ ఎక్స్-లార్జ్ అని అరలుంటాయి. కొలతలు 128, 256, 512, 1024 పిక్సెళ్లు. బొమ్మలన్నీ పీఎన్‌జీలే. పేర్లు మాత్రం చదవడానికి వీల్లేని 32 అక్షరాల తోక, ఎందుకంటే ఫైల్ పూర్తి చిరునామాని ఎండీ5 అనే లెక్కలో వేస్తే వచ్చినదాన్నే పేరుగా పెడతారు. అసలు ఫైల్ చివరిసారి ఎప్పుడు మారిందో ఆ సమయం కూడా బొమ్మ లోపల రాసి ఉంటుంది. మీరు ఫోటోని ఎడిట్ చేస్తే సమయం మారుతుంది, పాత బొమ్మ చెల్లదు, కొత్తది తయారవుతుంది. ఈ పద్ధతి ఫ్రీడెస్క్‌టాప్ అనే ఉమ్మడి ప్రమాణంలో రాసి ఉంది, లైనక్స్ డెస్క్‌టాప్‌లైన గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ మూడూ పాటించేది దాన్నే.

బొమ్మ లేకపోతే ఫైల్ మేనేజర్ ఆ పని ఒక చిన్న ప్రోగ్రామ్‌కి అప్పజెప్తుంది. దానికే థంబ్‌నెయిలర్ అని పేరు. జేపెగ్‌కి ఒకటి, పీడీఎఫ్‌కి ఒకటి, వీడియోకి ఇంకొకటి. ఏది దేనికో యూఎస్ఆర్ స్లాష్ షేర్ స్లాష్ థంబ్‌నెయిలర్స్ ఫోల్డర్‌లో చిన్న చిన్న టెక్స్ట్ ఫైళ్లుగా రాసి ఉంటుంది. ఆ రకం ఫైల్‌కి అక్కడ చీటీ లేకపోతే బొమ్మ లేదు, అంతే. కేడీఈ వాళ్ల ఫైల్ మేనేజర్ డాల్ఫిన్ మాత్రం సొంత ప్లగిన్లు వాడుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ల థూనార్ ఈ పనంతా టంబ్లర్ అనే ఇంకో సర్వీస్‌కి వదిలేస్తుంది.

నేను వాడేది ఏ ఫైల్ మేనేజర్?

ఉబుంటు, ఫెడోరా మామూలు ఎడిషన్లలో నాటిలస్, మెనూలో ఫైల్స్ అని ఉంటుంది. లైనక్స్ మింట్ సినమన్‌లో నెమో. కేడీఈలో డాల్ఫిన్. జుబుంటులో, మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈలో థూనార్. ఇంకా తెలియకపోతే విండో మెనూలో అబౌట్ నొక్కండి.

కావలసిన ప్యాకేజీ వేశాను. అయినా బొమ్మలు రావట్లేదు. ఎందుకు?

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. "నువ్వు చెప్పినట్టే చేశాను, ఏం కాలే" అని తిట్టేది ఇక్కడే.

థంబ్‌నెయిల్స్ ఫోల్డర్‌లో ఫెయిల్ అని ఇంకో అర ఉంటుంది. ఒక ఫైల్‌కి బొమ్మ చేయడం కుదరకపోతే "ఇది చేయలేకపోయాం" అని అక్కడ చీటీ పెడతారు. తర్వాత ఆ ఫోల్డర్ మీరు వందసార్లు తెరిచినా, చీటీ చూసి, మళ్లీ ప్రయత్నించకుండా ఊరుకుంటారు. పాడైపోయిన ఫైల్ కోసం ప్రతిసారీ సమయం వృథా చేయకూడదని పెట్టిన ఏర్పాటు ఇది, ఆలోచన మంచిదే. కానీ నిన్న కోడెక్ (ఆ ఫార్మాట్‌ని చదివే ప్రోగ్రామ్) లేక ఫెయిలైంది, ఈ రోజు మీరు కోడెక్ వేశారు, ఫైల్ మారలేదు కాబట్టి దాని సమయమూ మారలేదు, చీటీ అలాగే ఉంది. మరి బొమ్మ ఎలా వస్తుంది?

కాబట్టి వరుస ఇది: ముందు ప్యాకేజీ వేయండి, తర్వాత ఫెయిల్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ తీసేయండి, తర్వాత ఫైల్ మేనేజర్‌ని పూర్తిగా మూసి తెరవండి. విండో మూసినంత మాత్రాన అది మూసుకోదు, వెనకాల నడుస్తూనే ఉంటుంది. నాటిలస్ అయితే టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండోలో) నాటిలస్ డ్యాష్ క్యూ కొట్టండి, నెమోకి నెమో డ్యాష్ క్యూ, థూనార్‌కి థూనార్ డ్యాష్ క్యూ. ఇదంతా గుర్తుండదంటే ఒకసారి లాగౌట్ అయి లాగిన్ అవ్వండి. డాట్ క్యాష్ కనిపించకపోతే హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి, డాల్ఫిన్‌లో అయితే ఆల్ట్, డాట్.

థంబ్‌నెయిల్స్ ఫోల్డర్ మొత్తం తీసేస్తే ఫోటోలు పోతాయా?

పోవు. మళ్లీ తయారవుతాయి, మొదటిసారి ఫోల్డర్ తెరిచినప్పుడు కాస్త నెమ్మదిగా ఉంటుంది.

చిన్న ఫోటోలకు వస్తున్నాయి, పెద్దవాటికి రావట్లేదు.

సైజు పరిమితి. నాటిలస్‌లో ఫోటోలకు 50 ఎంబీ అని మొదటి నుంచీ పెట్టి ఉంటుంది. మామూలు వాళ్లకు ఇది సరిపోతుంది. ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లకు చాలదు, 12 ఇంటూ 36 షీట్ టిఫ్‌లో సేవ్ చేస్తే 50 దాటడం ఎంతసేపు. డీకాన్ఫ్ ఎడిటర్ (లోపలి సెట్టింగులు మార్చే ప్రోగ్రామ్) వేసుకుని, ఆర్గ్ డాట్ గ్నోమ్ డాట్ నాటిలస్ డాట్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి థంబ్‌నెయిల్ హైఫన్ లిమిట్ దగ్గర 500 అని మార్చండి. అంకె ఎంబీల్లోనే. నెమోలో ప్రిఫరెన్సెస్‌లో ప్రివ్యూ ట్యాబ్ ఉంది, అక్కడే మార్చుకోవచ్చు. డాల్ఫిన్‌లో కాన్ఫిగర్ డాల్ఫిన్‌కి వెళ్లి ప్రివ్యూస్. డాల్ఫిన్‌లో ఇంకో సంగతి, ఎఫ్12 నొక్కితే ప్రివ్యూలన్నీ ఆగిపోతాయి, మళ్లీ నొక్కితే వస్తాయి. పిల్లలు కీబోర్డ్ మీద చేయి వేసిన ఇంట్లో ముందు దీన్నే చూడండి.

ఆఫీసులో షేర్ చేసిన ఫోల్డర్లో, ఎన్‌ఏఎస్‌లో (నెట్‌వర్క్ మీద పెట్టిన డిస్క్‌లో) మాత్రం రావట్లేదు.

కావాలనే ఆపి ఉంచారు. నెట్‌వర్క్ మీద వెయ్యి ఫోటోలున్న ఫోల్డర్ తెరిస్తే, బొమ్మల కోసం వెయ్యి ఫోటోలనూ వైఫై మీద లాక్కుని చదవాలి. నాటిలస్ ప్రిఫరెన్సెస్‌లో షో థంబ్‌నెయిల్స్ దగ్గర "ఈ కంప్యూటర్‌లో మాత్రమే" అన్న అర్థం వచ్చే ఆప్షన్ ఎంచి ఉంటుంది, దాన్ని ఆల్ ఫైల్స్‌కి మార్చండి. డాల్ఫిన్‌లో రిమోట్ ఫైళ్లకు వేరే పరిమితి ఉంటుంది.

ఫోన్‌ని కేబుల్‌తో కలిపి చూసేవాళ్లకు నా సలహా: అక్కడ బొమ్మల కోసం కూర్చోకండి. ఫోన్ ఎంటీపీ అనే పద్ధతిలో మాట్లాడుతుంది, అది పాత ఆర్టీసీ బస్సు లాంటిది, ఒక స్టాపులో దించందే ఇంకో స్టాపుకి కదలదు. ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని తర్వాత తీరిగ్గా చూసుకోండి.

ఐఫోన్ నుంచి తెచ్చిన ఫోటోలకు మాత్రమే బొమ్మలు లేవు.

మా చిన్నాన్న కొడుకు కథ ఇదే. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ ఫోటోలని హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో దాస్తోంది. జేపెగ్ కంటే చోటు బాగా తక్కువ పడుతుంది. లోపల వాడేది హెచ్‌ఈవీసీ కంప్రెషన్, దాని మీద పేటెంట్లున్నాయి, అందుకే చాలా డిస్ట్రోలు (ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకాలు) దాన్ని ముందుగా ఇవ్వడానికి జంకుతాయి.

ఉబుంటు 22.04 లాంటి వెర్షన్లలో హీఫ్ హైఫన్ జీడీకే హైఫన్ పిక్స్‌బఫ్, హీఫ్ హైఫన్ థంబ్‌నెయిలర్ అని రెండు ప్యాకేజీలున్నాయి, రెండూ వేయండి. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే ఇంకో గోదాం) కలుపుకుని అందులోంచి లిబ్‌హీఫ్ హైఫన్ ఫ్రీవరల్డ్. కేడీఈ అయితే కేఇమేజ్‌ఫార్మాట్స్. తర్వాత పైన చెప్పిన ఫెయిల్ ఫోల్డర్ ఖాళీ చేయడం మర్చిపోకండి.

ఇకముందు తీసే ఫోటోలకు ఈ గోలే వద్దనుకుంటే ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, అందులో మోస్ట్ కంపాటిబుల్ అని ఎంచండి. జేపెగ్‌లోనే వస్తాయి, ఫోన్ మెమరీ మాత్రం త్వరగా నిండుతుంది.

వెబ్‌పీ, ఏవిఫ్ ఫోటోలు?

వెబ్‌పీకి ఉబుంటులో వెబ్‌పీ హైఫన్ పిక్స్‌బఫ్ హైఫన్ లోడర్. మింట్ 21 నుంచి ఎక్స్‌యాప్ థంబ్‌నెయిలర్స్ అనే మూట దాంతోపాటే వస్తోంది. వెబ్‌పీ, ఈపబ్, ఎంపీ3 కవర్లు, కెమెరా రా ఫైళ్లు, యాప్‌ఇమేజ్‌లు అన్నీ అదే చూసుకుంటుంది. ఏవిఫ్‌కి లిబ్‌ఏవిఫ్ పేరుతో మొదలయ్యే పిక్స్‌బఫ్ ప్యాకేజీ వెతకండి.

వీడియోలకు బొమ్మ రావట్లేదు, వచ్చినా నల్లగా వస్తోంది.

రాకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ థంబ్‌నెయిలర్ అనే ప్యాకేజీ వేయండి, ప్యాకేజీ పేరులో ఖాళీ లేకుండా కలిపి రాయాలి. డాల్ఫిన్‌కి అయితే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ థంబ్స్. ఫెడోరాలో ఇది వేసినా హెచ్.264 వీడియోలకు రాకపోవచ్చు, అక్కడా పేటెంట్ల తలనొప్పే, ఆర్‌పీఎం ఫ్యూజన్‌లోని పూర్తి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వేసుకుంటే తీరుతుంది.

నల్లగా రావడం తప్పు కాదు. ఈ ప్రోగ్రామ్ వీడియో నిడివిలో 10 శాతం దాటాక కనిపించే ఫ్రేమ్‌ని పట్టుకుంటుంది. సరిగ్గా అక్కడ ఎడిటర్ గారు చీకట్లోంచి మెల్లగా వెలుగు తెచ్చే ఎఫెక్ట్ పెట్టి ఉంటే నలుపే వస్తుంది. పెళ్లి వీడియోల్లో ఇది మామూలే.

పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్ల మొదటి పేజీ కనిపించాలంటే?

పీడీఎఫ్‌కి గ్నోమ్‌లో ఎవిన్స్ ఉంటే చాలు, దాంతోపాటే థంబ్‌నెయిలర్ వస్తుంది. కేడీఈలో కేడీఈగ్రాఫిక్స్ థంబ్‌నెయిలర్స్. పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్‌కి బొమ్మ రాదు, రాకూడదు కూడా. ఈ-ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి "దీనికి మాత్రం ఎందుకు రావట్లేదు" అని అడిగేవాళ్లకు జవాబు అదే. మీ ఆధార్ ముఖచిత్రం తాళం తీయకుండానే క్యాష్‌లో పడి ఉంటే బాగుంటుందా చెప్పండి.

ఆఫీస్ ఫైళ్ల కథ వేరు. లిబ్రేఆఫీస్ ఓడీటీ ఫైల్ నిజానికి ఒక జిప్ మూట, సేవ్ చేసేటప్పుడే మొదటి పేజీ చిన్న బొమ్మ ఒకటి అందులో పెట్టేస్తుంది. థంబ్‌నెయిలర్ దాన్ని బయటికి తీసి చూపిస్తుంది, అంతే. డాక్‌ఎక్స్‌లో ఆ బొమ్మ సాధారణంగా ఉండదు, సేవ్ చేసినవాళ్లు ప్రత్యేకంగా ఆ ఆప్షన్ పెడితే తప్ప. లేనిదాన్ని ఎవరు మాత్రం ఎలా చూపిస్తారు?

ఫోటోషాప్ పీఎస్‌డీలు, కెమెరా రా ఫైళ్లు?

ఆల్బమ్ డిజైనర్లకు, ఫోటోగ్రాఫర్లకు నేను నేరుగా డాల్ఫిన్ వాడమనే చెప్తాను. గ్నోమ్ డెస్క్‌టాప్ ఉంచుకునే డాల్ఫిన్ ఒక్కటీ అదనంగా వేసుకోవచ్చు, గొడవ ఏమీ ఉండదు. దాని కేఇమేజ్‌ఫార్మాట్స్‌కి పీఎస్‌డీ చదవడం తెలుసు. అయితే పొరలన్నీ కలిపిన చదును బొమ్మ పీఎస్‌డీలో ఉంటేనే అది చూపించగలదు, కాబట్టి ఫోటోషాప్‌లో సేవ్ చేసేవాళ్లని మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ టిక్ పెట్టమనండి. దాంతో ఫైల్ కాస్త బరువెక్కుతుంది.

రా ఫైళ్లలో, అంటే కెనాన్ సీఆర్2, నికాన్ ఎన్‌ఈఎఫ్, సోనీ ఏఆర్‌డబ్ల్యూ లాంటి వాటిలో, కెమెరానే ఒక జేపెగ్ ప్రివ్యూ పెట్టి ఉంచుతుంది. కెమెరా వెనక తెరమీద మీరు చూసేది ఆ ప్రివ్యూనే. దాన్ని తీసి చూపించే ప్రోగ్రామ్ ఉంటే క్షణంలో బొమ్మ వస్తుంది. మింట్‌లో ఎక్స్‌యాప్ థంబ్‌నెయిలర్స్, డాల్ఫిన్‌లో కేడీఈ ప్లగిన్లు. చేతికి కావాలంటే ఎక్సిఫ్‌టూల్‌తో కూడా ఆ ప్రివ్యూని బయటికి లాగొచ్చు, 800 ఫోటోల బోనాల షూట్‌లోంచి త్వరగా ఏరి క్లయింట్‌కి పంపడానికి నేను అలాగే చేస్తాను.

ఫైల్ పేరు తెలుగులో ఉంటే బొమ్మ రాదా?

వస్తుంది. చిరునామాని లెక్కలో వేసేముందు తెలుగు అక్షరాలన్నీ యూటీఎఫ్-8 సంకేతాలుగా మారతాయి, దానికి తెలుగైనా ఇంగ్లిషైనా ఒకటే. పేరు మారిస్తే చిరునామా మారినట్టే, కొత్త బొమ్మ తయారవుతుంది, పాతది దిక్కులేనిదై క్యాష్‌లో మిగిలిపోతుంది.

మీరు తెలుగు సమస్య అనుకునేది చాలాసార్లు ఫాంట్ సమస్య. టెక్స్ట్ ఫైల్ ప్రివ్యూలో డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే తెలుగు ఫాంట్ లేదన్నమాట, లోహిత్ తెలుగు గానీ నోటో సాన్స్ తెలుగు గానీ వేయండి. డబ్బాలు కాకుండా అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు వరుసగా కనిపిస్తే, అది డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ అయి ఉంటుంది. అది యూనికోడ్ కాదు, ఏ ప్రివ్యూ దాన్ని తెలుగులో చూపించలేదు. యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా కొట్టిచ్చినవాళ్ల దగ్గరే పీడీఎఫ్ చేయించుకోవాలి.

బ్రౌజర్‌లో ఫోటో అప్‌లోడ్ చేసేటప్పుడు వచ్చే విండోలో పేర్లు తప్ప బొమ్మలు ఉండవేం?

ఎప్‌సెట్ అప్లికేషన్లు నింపే రోజుల్లో ఈ ప్రశ్న తెగ వస్తుంది. ఇరవై ఫోటోల్లో పాప పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఏదో పేరు చూసి చెప్పాలి, పేరేమో అంకెల చిట్టా.

ఇది లైనక్స్ లోకంలో పాత జోకు. ఫైల్ ఎంచుకునే విండోలో బొమ్మలు కావాలని, ఆ విండోని తయారుచేసే జీటీకే వాళ్లని 2004లోనే అడిగారు. పని 2022 చివర్లో పూర్తయింది, 2023 మార్చిలో జీటీకే 4.10తో, గ్నోమ్ 44తో మన చేతికి వచ్చింది. అడిగిన రోజు పుట్టిన పిల్లలకు ఈలోగా ఓటు హక్కు వచ్చేసింది. కొత్త డిస్ట్రోలో ఉండి కూడా ఫైర్‌ఫాక్స్‌లో రాకపోతే, అడ్రస్ బార్‌లో అబౌట్ కోలన్ కాన్ఫిగ్ అని కొట్టి, ఎక్స్‌డీజీ డెస్క్‌టాప్ పోర్టల్ డాట్ ఫైల్ పికర్ అనే పేరుతో ముగిసే సెట్టింగ్ వెతికి, 1 పెట్టండి. పాత డిస్ట్రో అయితే సులువైన దారి, ఫైల్ మేనేజర్‌లో ఫోటో చూసుకుని మౌస్‌తో పట్టి ఆ విండోలోకి లాగి వదలడం.

సూడోతో ఫైల్ మేనేజర్ తెరిచాక మొత్తం ఆగిపోయాయి.

సూడో అంటే రూట్ అనే అడ్మిన్ పేరుతో నడపడం. ఆ రూట్ మీ క్యాష్ ఫోల్డర్‌ని తన పేరు మీద రాయించుకుంది. ఇప్పుడు అందులో బొమ్మ పెట్టే హక్కు మీకు లేదు. సూడో చౌన్ డ్యాష్ పెద్ద ఆర్, తర్వాత మీ యూజర్ పేరు, తర్వాత థంబ్‌నెయిల్స్ ఫోల్డర్ దారి. ఇక మళ్లీ అలా తెరవకండి. డిస్క్ పూర్తిగా నిండినా లక్షణాలు ఇలాగే ఉంటాయి, డీఎఫ్ డ్యాష్ హెచ్ కొట్టి చూసుకోండి.

స్పేస్‌బార్ నొక్కితే పెద్దగా కనిపించేది ఎలా వస్తుంది?

గ్నోమ్‌లో దాని పేరు సుషీ. ప్యాకేజీ పేరు గ్నోమ్ హైఫన్ సుషీ. నెమోకి నెమో హైఫన్ ప్రివ్యూ. డాల్ఫిన్‌లో ఎఫ్11 నొక్కితే పక్కన సమాచారపు పలక వస్తుంది, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

ఫోటో డిలీట్ చేశాను. దాని బొమ్మ కూడా పోయినట్టేనా?

కాదు! ఇది ఎవరూ అడగరు, అందుకే నేనే అడిగి నేనే చెప్తున్నాను. ఫోటో పోయినా, పెన్ డ్రైవ్ తీసేసినా, దాని చిన్న బొమ్మ మీ హోమ్ ఫోల్డర్‌లో కొన్నాళ్లు ఉండిపోతుంది. గ్నోమ్‌లో మామూలుగా 180 రోజులు దాటినవి, లేదా మొత్తం 512 ఎంబీ దాటితే పాతవి, దానంతటదే తుడిచేస్తుంది. అప్పటిదాకా అవి అక్కడే. 256 పిక్సెళ్ల బొమ్మలో మనిషి ముఖం బాగానే గుర్తుపట్టొచ్చు. కాబట్టి ల్యాప్‌టాప్ రిపేర్‌కి ఇచ్చేముందు, సీటీసీలో అమ్మేముందు ఆ ఫోల్డర్ ఖాళీ చేయండి. అమ్మేటప్పుడైతే డిస్క్ మొత్తం తుడవడమే మేలనుకోండి.

పెద్ద ఫోల్డర్ తెరిస్తే ఫ్యాన్ హోరెత్తి కంప్యూటర్ నీరసిస్తోంది.

నాలుగు వేల ఫోటోలకు మొదటిసారి బొమ్మలు చేస్తోంది, ఒక చాయ్ తాగి రండి. రెండోసారి తెరిచినా అదే హోరైతే ఏదో ఒక పాడైన ఫైల్ దగ్గర ఇరుక్కుని ఉంటుంది. సగం ఫైళ్లు ఇంకో ఫోల్డర్‌లోకి మార్చి చూడండి, మళ్లీ అందులో సగం, ఇలా పోతే దొంగ దొరుకుతాడు.

సొంతంగా థంబ్‌నెయిలర్ రాసుకోవచ్చా?

రాసుకోవచ్చు, సరదాగా ఉంటుంది. మీ హోమ్‌లో డాట్ లోకల్ స్లాష్ షేర్ స్లాష్ థంబ్‌నెయిలర్స్ అని ఫోల్డర్ చేసి, అందులో డాట్ థంబ్‌నెయిలర్‌తో ముగిసే టెక్స్ట్ ఫైల్ పెట్టాలి. లోపల ఏ కమాండ్ నడపాలో ఒక లైను, ఏ మైమ్ రకాలకో (అంటే ఏ రకం ఫైళ్లకో) ఇంకో లైను. కమాండ్‌లో శాతం గుర్తు పక్కన ఐ అంటే ఇన్‌పుట్ ఫైల్, ఓ అంటే బొమ్మ పెట్టాల్సిన చోటు, ఎస్ అంటే సైజు.

నేను ఇక్కడ ఒక ఆదివారం పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోకండి. నా స్క్రిప్ట్ హోమ్ ఫోల్డర్‌లో ఉంది, టెర్మినల్‌లో చక్కగా నడుస్తోంది, నాటిలస్‌లో మాత్రం చచ్చినా నడవదు. కారణం, 2017లో వచ్చిన గ్నోమ్ 3.26 నుంచి థంబ్‌నెయిలర్లని బబుల్‌ర్యాప్ అనే పెట్టెలో బంధించి నడుపుతున్నారు. ఆ పెట్టెలోంచి మీ హోమ్ కనిపించదు, యూఎస్ఆర్ కనిపిస్తుంది. స్క్రిప్ట్‌ని యూఎస్ఆర్ స్లాష్ లోకల్ స్లాష్ బిన్‌లోకి మార్చగానే నడిచింది. బంధించడం అవసరమే. అదే ఏడాది విండోస్ ఫైళ్లకు బొమ్మలు చేసే గ్నోమ్ ఎగ్జీ థంబ్‌నెయిలర్‌లో ఒక లోపం బయటపడింది, ఎంఎస్ఐ ఫైల్ పేరులోనే కోడ్ దాచి పంపితే, మీరు ఆ ఫోల్డర్ తెరిచి చూసినంత మాత్రాన అది నడిచిపోయేది. క్లిక్ కూడా అక్కర్లేదు.

సైజు సున్నా అని చూపిస్తోంది.

ఇది బొమ్మల సమస్య కాదు. పెన్ డ్రైవ్‌లోకి కాపీ అయిపోయిందని తెరమీద కనిపించినా, నిజానికి సరుకు ఇంకా మెమరీలోనే ఉండి మెల్లగా రాస్తూ ఉంటుంది. ఎజెక్ట్ చేయకుండా పీకితే పేర్లు మిగులుతాయి, లోపల ఏమీ ఉండదు. అసలు కాపీ ఎక్కడుందో, కెమెరా కార్డులోనో ఫోన్‌లోనో, ముందు అక్కడ చూడండి, ఆ కార్డులో కొత్తగా ఏమీ రాయకండి.

అన్నీ చేశాను, ఒక్కటీ పనిచేయలేదు. మీకేం పంపాలి?

ముందు టెర్మినల్‌లో ఫైల్ అనే కమాండ్ కొట్టి పక్కన ఆ ఫోటో పేరు ఇవ్వండి. పేరు చివర జేపీజీ అని ఉన్నా లోపల హెచ్‌ఈఐసీనో వెబ్‌పీనో అని తేలిన సందర్భాలు చాలా ఉన్నాయి, అలాగైతే చివర సరిచేస్తే పని అయిపోతుంది. అదీ కాకపోతే డిస్ట్రో పేరు, వెర్షన్, ఫైల్ మేనేజర్ పేరు, ఆ కమాండ్ ఇచ్చిన జవాబు రాసి, బొమ్మ రాని ఫైల్ ఒకటి వాట్సాప్‌లో పంపండి. పంపేటప్పుడు ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని తనే చక్కటి జేపెగ్‌గా మార్చేసి ఇస్తుంది, నా దగ్గర బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది, మీ దగ్గర మళ్లీ అదే బూడిదరంగు.